స్క్రిప్టులో లేని వాపు

మెడికల్ యూనివర్సిటీలో ఆ రోజు ఫైనలియర్ ప్రాక్టికల్స్. పేషెంటుగా నటించడానికి వచ్చిన టైలరు పొట్ట పట్టుకుని మంచమ్మీద మూలుగుతున్నాడు. అద్దం అవతల నుంచి ఎగ్జామినర్ చూస్తుంటాడని గుర్తొచ్చి స్టూడెంటమ్మాయి తడబడుతూ మంచం దగ్గరికొచ్చింది.

"నొప్పి ఎక్కడ బాబాయ్?"

"కుడిపక్కన, కిందికి, డాక్టరమ్మా. రాత్రి నుంచి ప్రాణం తోడేస్తోంది."

"పడుకోండి, చూస్తాను. అయ్యో, పాదాలు ఇంత వాచాయేంటి? నొక్కితే గుంట పడుతోంది! ఇది కూడా పరీక్షవాళ్లు నేర్పిందేనా?"

"అబ్బే, అది నా సొంతం. మిషన్ తొక్కీ తొక్కీ వచ్చిందిలే. నువ్వు పొట్ట చూడమ్మా, టైమైపోతోంది."

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? నీకు మార్కులు పొట్టకే వేస్తారు!"

"వస్తుందా, రాదా?"

"వస్తుంది. పడుకున్నా వస్తుంది. మా ఊరి ఆసుపత్రిలో డాక్టరే లేడు, ఎవరికి చూపించుకోను? ఇక్కడ పాసైనవాళ్లనే మాకు పంపిస్తారట. మంచి డాక్టరు తయారైతే మాకే కదా అని ఈ వేషం కట్టాను."

"ఇక వేషం చాలు. ఇవాళే గుండె డాక్టరుకి చూపిస్తాను, నాతో రండి."

అంతలో గంట మోగింది. పొట్ట మీద చెయ్యైనా వేయలేదని గుర్తొచ్చి ఆమె నీరుగారిపోయింది. టైలరు మాత్రం లేచి కూర్చుని, అద్దం వైపు తిరిగి గొంతెత్తాడు.

"సారూ! పొద్దుట్నుంచి అందరూ నా పొట్ట పిసికి మందులు చెప్పారు. నా జబ్బు అక్కడ లేదని కనిపెట్టింది ఈ పిల్ల ఒక్కతే. మార్కులేసి మా ఊరికే పంపండి!"