తోడికోడళ్ళ బ్రంచ్

ఆదివారం, పదకొండు కావస్తోంది. అనకాపల్లి రింగు రోడ్డు మీద కొత్తగా తెరిచిన కెఫేలో ఇందుని గోడవైపు సోఫాలో కూర్చోబెట్టి, ఆమె తోడికోడలు లావణ్య తలుపుకి అడ్డంగా ఉన్న కుర్చీ తీసుకుంది. తినడానికి వచ్చినవాళ్ళు మామూలుగా అలా కూర్చోరు.

"...అదే అక్కా, బ్రంచ్ అంటే అంతే. టిఫినుకి లేటు, భోజనానికి తొందర. రెండూ కలిపేస్తారు."

"మనింట్లో రోజూ నేను సేసేది అదే. అందరూ తిన్నాక, మిగిలింది, పదకొండింటికి. దానికి ఇంత పేరుందని తెలీదు నాకు."

"అబ్బ! ముందు మెనూ చూడు."

"సూసేను. ఈ ఆకుపచ్చది ఏటి?"

"అవకాడో. బ్రెడ్డు మీద రాసిస్తారు. గుండెకి మంచిదంట."

"గుండెకి మంచిదా. అయితే మీ బావగారికి పెట్టాల్సింది."

"అక్కా..."

"జోకే. నవ్వు. ఆయన పోయి ఎనిమిది నెల్లయింది, ఇంక నవ్వొచ్చు. నువ్వలా మొహం పెడితే నేనేదో నిన్ను తిట్టేనని పక్క టేబులోళ్ళు అనుకుంటారు."

"పాన్‌కేకు చెప్పనా? బీచ్ రోడ్డులో తిన్నప్పుడు బాగుందన్నావు కదా."

"తీపి దిబ్బరొట్టి. బాగానే ఉంది. దిబ్బరొట్టికి కోటూ బూటూ ఏసేక బాగుండకేటి. సెప్పు."

"ఎక్స్‌క్యూజ్ మీ, ఒక పాన్‌కేకు, ఒక చీజ్ ఆమ్లెట్టు. నిదానంగా తెండి, తొందరేం లేదు."

"ఓకే మేడమ్."

"తొందర లేదా మనకి?"

"ఆదివారం కదా అక్కా."

"స్కూటీ ఎక్కినప్పుడూ అదే అన్నావు, దిగినప్పుడూ అదే అన్నావు. తొందర లేనివాళ్ళు అన్నిసార్లు సెప్పుకోరు. ఫోన్లో టైము సూడరు కూడా."

"ఎప్పుడు చూసేను?"

"ఇప్పుడే. సర్లే గాని, రాత్రి శనగపప్పు నానబోసింది ఎవరు?"

"శనగపప్పా?"

"పెద్ద గిన్నెడు. మీద బట్ట కప్పి బియ్యం డబ్బా ఎనకాల పెట్టేరు. బంగారం దాసుకుంటారు, డబ్బు దాసుకుంటారు. శనగపప్పు దాసుకునే కొంప మనదే లావణ్యా."

"అత్త వడలకి నానబోసి ఉంటాది."

"వడల్లోకి బెల్లం ఏత్తారా? తెల్లారగట్ట అత్త బెల్లం దిమ్మ పగలగొట్టింది. సప్పుడు రాకుండా గోనెసంచిలో సుట్టి మరీ పగలగొట్టింది పాపం. బూరెలు. మనింట్లో శుభకార్యానికి తప్ప బూరెల మూకుడు దించరు. నువ్వు కాపరానికొచ్చి పదేళ్ళయింది, నీకు నేను సెప్పాలా?"

"నేను వంటింట్లోకి వెళ్ళలేదు పొద్దున్న."

"అంబిక తలంటుకుంది. సెలవురోజు మంచం దిగని పిల్ల. ఎక్కడికే అంటే గుడికంది. నా కళ్ళలోకి సూడకుండా అంది. పాపం, మీరే అలా అనమని నేర్పించుంటారు."

"గుడికే అయ్యుంటుంది అక్కా, ఎందుకు అలా—"

"ఈ రోజు నా కూతురికి తాంబూలాలు. అవునా, కాదా?"

"వచ్చే నెలన్నారు కదా."

"నాకు వచ్చే నెలన్నారు. మీకేటన్నారు?"

"మేడమ్, పాన్‌కేకు. సిరప్ పోయమంటారా?"

"పొయ్యండి, పొయ్యండి. అక్కా, వేడిగా ఉంది, ముందు తిను—"

"లావణ్యా. నా మొహం సూసి సెప్పు."

"ఈ రోజే."

"ఎన్నింటికి?"

"పన్నెండుకి వాళ్ళొస్తారు. పన్నెండున్నరకి ముహూర్తం. ఒంటిగంటకల్లా అయిపోద్ది. ఆ తరవాత మనం—"

"ఆ తరవాత మనం వెళ్ళి ఎంగిలాకులు ఎత్తుదుం."

"అలా అనకు."

"ఎలా అనాల? ఇంట్లో నా కూతురికి తాంబూలాలు. నేను రింగు రోడ్డు మీద కూకుని ముళ్ళ సెంచాతో దిబ్బరొట్టి కోత్తన్నాను. ఎలా అంటే బాగుంటాదో నువ్వు సెప్పు, అలాగే అంటాను."

"మెల్లగా అక్కా, చూస్తున్నారు."

"సూడనీ. ఎవరి ఆలోచన ఇది?"

"అందరం అనుకున్నదే."

"అందరూ అంటే పేరుండదు. అత్తా?"

"ఆఁ."

"అత్తేనా?"

"అత్తే అక్కా. అత్తే అంది. అత్తే మరీ మరీ చెప్పింది."

"ఒకసారి అంటే నమ్ముదును."

"పెళ్ళికొడుకు వాళ్ళ నాయనమ్మకి పట్టింపులెక్కువంట. నాతవరం అవతల ఊరు, పాతకాలం మనుషులు. సబ్బవరం సంబంధం ఎలా పోయిందో నీకు తెలుసు కదా."

"జాతకాలు కలవలేదన్నారు నాతో. జాతకాలు కాదా?"

"వాళ్ళు కారు దిగ్గానే నువ్వు ఎదురెళ్ళి గేటు తీసేవు కదా అక్కా. లోపలికొచ్చి, కాఫీలు తాగి, వెళ్ళిపోయి... ఫోన్లో చెప్పేరు. ఎదురు బాగులేదని."

"నా ఇంటి గేటు నేను తీసేను."

"నాకు తెలుసు."

"గేటుకి గొళ్ళెం పట్టేసింది. నేను తప్ప ఇంకెవరికీ రాదది. మీ బావగారు బాగు సేయిత్తానని అంటానే పోయేరు. నేను తియ్యకపోతే వాళ్ళు గోడ దూకాల."

"అక్కా, ఏడాది లోపు చేసెయ్యాలి, లేకపోతే మూడేళ్ళాగాలంటున్నారు. నాలుగు నెలలే ఉంది. ఇది కూడా పోతే పిల్ల..."

"అరకు?"

"ఏటి అరకు?"

"ఆ కొండ మీద కెఫే. మంచులో కూకోబెట్టి మూడు రకాల కాఫీ తాగించేవే. ఆ రోజు మేడ మీద వాళ్ళ కోడలికి సీమంతం. మనం వచ్చేసరికి మెట్ల మీద పూలున్నాయి."

"అది—"

"బీచ్ రోడ్డు, శ్రావణ శుక్రవారం. ఇంకా ఆ హైవే మీద కెఫే, ఉయ్యాల కుర్చీలున్నాది. ఆ రోజేటి? నామకరణమా?"

"ఓణీల ఫంక్షన్."

"ఓణీలు. థాంక్స్. నేను తలుసుకుంటే గుర్తుకు రాలేదు."

"మొదటిసారి నిజంగానే తీసుకెళ్ళేను అక్కా. అమ్మవారి తోడు. నువ్వు గదిలోంచి రావట్లేదు, తిండి లేదు, బయటి గాలైనా తగులుతాదని తీసుకెళ్ళేను. నువ్వా రోజు రెండు ప్లేట్లు తిన్నావు, గుర్తుందా? ఆ తరవాతే, 'ఫలానా రోజు కూడా తీసుకెళ్ళకూడదూ' అనడం మొదలెట్టేరు."

"నువ్వు తీసుకెళ్ళేవు."

"తీసుకెళ్ళేను."

"బుచ్చయ్యపేటలో మా వదినకి ఫొటోలు పంపేను నేను. కప్పు పట్టుకుని, కప్పు మీద నురగతో ఆకు బొమ్మ. 'నీ అంత అదృష్టం ఏ తోడికోడలికీ ఉండదు' అంది. నేనూ అదే అనుకున్నాను. ఆ మూల టేబులావిడని సూడు."

"ఎవరు?"

"సూడమన్నానని తల అంతలా తిప్పకు. ఒక్కర్తే కూకుంది. మనమొచ్చినప్పట్నుంచీ అదే కప్పు. ఆవిడింట్లో ఈ రోజు ఏ కార్యమో."

"అక్కా, నవ్వించకు, నాకేడుపొస్తోంది."

"నన్ను పంపేరంటే అర్థముంది. నిన్నెందుకు పంపేరు?"

"నాకు స్కూటీ వచ్చు కదా."

"మీ ఆయన తారక్‌కి కారొచ్చు. తననే తీసుకెళ్ళమనొచ్చు నన్ను. ఐదుగురు ముత్తైదువలు కావాల కదా, పసుపు దంచడానికి. ఇంట్లో ఉన్నదాన్ని బయటికి పంపి ఈదిలో వాళ్ళని పిలిచేరా?"

"పిల్లలున్నవాళ్ళయితే మంచిదని..."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అనరు. అంటే నేనూ ఏదో ఒకటి అందును. పళ్ళెం నా దాకా వస్తాది, పక్కకెళ్ళిపోద్ది. అంతే. పెళ్ళయిన మూడో ఏటి నుంచీ అంతే. అందుకే, అక్కని నేను తీసుకెళ్తాలెండని నేనే ముందు అనేస్తాను. ఇక్కడైతే మెనూ అయినా ముందు నా చేతికిస్తారు. సిరప్ పోసిచ్చేరు, నువ్వు ముట్టుకోలేదు."

"కళ్ళు తుడుసుకో. ఆ కాయితాలు అందుకే పెట్టేరు. ఇద్దరం ఏడిత్తే వంట బాగులేదనుకుంటారు వాళ్ళు."

"సారీ అక్కా."

"పద."

"ఎక్కడికి?"

"ఇంటికి."

"వద్దక్కా. నా మాట విను, వద్దు."

"పీటల మీద కూకోను. పళ్ళెం ముట్టను. ఎవరికీ ఎదురు రాను. పెరటి గుమ్మంలోంచి వెళ్ళి వంటింటి తలుపు సందులో నిలబడతాను. ఉంగరం తొడిగినప్పుడు దాని మొహం సూత్తాను, అదొక్కటే. ఆయనెలాగూ లేరు. ఇద్దర్లో ఒక్కరైనా సూడాల కదా లావణ్యా."

"అంబిక నిన్ను చూస్తే..."

"అదే నా భయమూనూ. సూత్తే లేచి వచ్చేత్తాది. దానికి నేనంటే ప్రాణం. నాకు జ్వరమొత్తే అది పరీక్ష మానేసి కూకుంది. ఇప్పుడా పీట మీద కూకుని గుమ్మంకేసి సూత్తుంటాది, అమ్మేది, అమ్మేది అని. దానికేం సెప్పేరు?"

"ఏదో చెప్పుంటారు."

"నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావు కదా. ఏం సెప్పేరు దానికి?"

"నాకు తెలీదక్కా! ప్రతీదీ నన్నడిగితే నేనేం చెప్పను!"

"సర్లే, అరవకు. నేనే అడుగుతాను దాన్ని. తాళాలు తియ్యి."

"నేను నిన్ను తీసుకెళ్తే ఇంక ఆ ఇంట్లో నన్ను..."

"ఏం సేత్తారు? నీకు పళ్ళెం ఇవ్వడం మానేత్తారా? నడిసి వెళ్ళిపోతాను పోనీ. దూరమేం లేదు. నువ్విక్కడే ఉండి ఆమ్లెట్టు తిను."

"ఎండలో నడిచేం వెళ్తావు. ఉండు. హెల్మెట్ తీసుకో. బిల్లు కట్టేసి వస్తాను. నా ఫోను నీ పక్కన ఛార్జింగులో ఉంది, తీసి పట్టుకో."

లావణ్య కౌంటరు దగ్గరికి వెళ్ళింది. ఇందు చేతిలో ఫోను మోగింది. తెర మీద అంబిక పేరు.

"పిన్నీ! వినిపిస్తోందా? వాళ్ళింకా నర్సీపట్నం దాటలేదంట. కారు టైరు పంక్చరంట. పంతులుగారు రెండింటికి ఇంకో ముహూర్తం ఉందన్నారు. నువ్వు అమ్మని రెండింటి దాకా ఉంచెయ్. అక్కడ బోరుకొడితే వైజాగ్ తీసుకెళ్ళిపో. పిన్నీ?"

"ఊఁ."

"ఇక్కడ మామ్మతో పెద్ద గొడవగా ఉంది. 'తల్లిని బయటికి పంపి తాంబూలాలేటే, నేను ఒండను ఈ బూరెలు' అని వంటింట్లో పీటేసుకుని కూర్చుంది. రాత్రి నుంచీ సణుగుతూనే పప్పూ బెల్లం సిద్ధం చేసింది, ఇప్పుడు మొరాయించింది. తాతయ్య బతిమాలుతున్నారు. నువ్వు మాత్రం ఫోన్ చెయ్యకు మామ్మకి, ఇంకా ఎక్కువ చేస్తాది."

"ఊఁ."

"నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు పిన్నీ. వాళ్ళు కారు దిగ్గానే మళ్ళీ అమ్మే కనబడితే... నాకదే కళ్ళ ముందు తిరుగుతోంది. పెళ్ళయిపోతే ఇంక ఎవరేమన్నా నాకేం, అమ్మని నాతో తీసుకెళ్ళిపోతాను. నిజంగా పిన్నీ. ఈ ఒక్కరోజు గడిస్తే చాలు. విన్నావా? నేనే తీసుకెళ్ళమన్నానని అమ్మకి చెప్పలేదు కదా?"

"..."

"పిన్నీ? చెప్పేసేవా?"

"లేదమ్మా."

"గొంతేటి అలా ఉంది?"

"ఇక్కడ సౌండు."

"సరే. అమ్మేమైనా తిందా? ఏదైనా మంచిది పెట్టు. ఉంటాను, పిలుస్తున్నారు."

"సరేనమ్మా."

"అక్కా, కట్టేసేను. పద. ఏదైతే అదవుద్ది. పెరటి గుమ్మం కూడా కాదు, ఎదర గుమ్మంలోంచే వెళ్దాం. ఎవరేమంటారో నేనూ చూస్తాను ఈ రోజు. ఫోన్ ఎవరు?"

"ఎవరో లోను ఇత్తారంట. వద్దన్నాను."

"లే మరి, పన్నెండవుతోంది. హెల్మెట్ పెట్టుకోలేదేం?"

"నువ్వు కూకో."

"అదేటక్కా? ఇప్పుడే కదా పద పద అన్నావు?"

"కూకోమన్నాను కదా. తినడానికి ఇంకేటైనా తెప్పించు. రెండింటి దాకా ఉండాల మనం."