ఓనరు కొట్టిన సెల్యూట్

విండ్సర్ బస్‌స్టాప్‌లో ఇద్దరు తెలుగు స్టూడెంట్లు నిలబడ్డారు. కొరియన్ కొట్టులో పార్ట్‌టైమ్ చేసే అమ్మాయికి నవ్వు ఆగడం లేదు.

“రేపు నీ రోడ్ టెస్టుకి లీవ్ ఇచ్చాడా మీ ఓనరు?”

“పొద్దున అడిగితే కుదరదన్నాడే. మధ్యాహ్నం టీవీలో వాళ్ళ కొత్త రక్షణమంత్రిని చూసి, కౌంటర్ దగ్గరే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు!”

“మంత్రి తెలుసా ఆయనకి?”

“అక్కడ మగపిల్లలంతా కొన్నాళ్ళు సైన్యంలో చెయ్యాలిగా. అప్పుడు ఈ మంత్రే వీళ్ళ కెప్టెనట. తర్వాత జనరల్ అయ్యాడు, ఇప్పుడు మంత్రి. మా ఓనరు సైన్యం జీపుని మూడుసార్లు గోడకి గుద్దినా తిట్టకుండా, మళ్ళీ తాళం చేతికిచ్చి డ్రైవింగ్ నేర్పాడట.”

“అయితే?”

“చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుని, లీవ్ ఇచ్చేశాడు. టెస్టుకి తన కారే తీసుకెళ్ళమన్నాడు. ఇప్పుడు నాతో ప్రాక్టీసు చేయించడానికి వస్తున్నాడు, నువ్వూ ఎక్కు.”

“నేను బస్సులోనే వస్తానే తల్లీ!”