మడమ నొప్పి ఎక్కడిది

ఆదివారం పొద్దున. మల్కాజ్‌గిరిలో అద్దె ఇల్లు. మంచం అంచున విజయేందర్, కింద చాప మీద అతని భార్య కల్పలత. అతని ఎడమకాలు ఆమె ఒళ్ళో ఉంది.

"ఇక్కడనా?"

"ఇంకా లోపలికి. ఆ… గక్కడ. మెల్లగ, లతా."

"మడమ కింద, లోపలి దిక్కు. వేళ్ళు పైకి వంచుతున్న, ఓర్చుకో. ఇప్పుడు?"

"పాణం పోతున్నది."

"పొద్దున మంచం దిగంగనే బాగ నొస్తది. నాలుగడుగులు ఏస్తే జెర తగ్గుతది. అంతేనా?"

"నీకెట్ల తెలుసు? నేను చెప్పలే గద."

"గోడ పట్టుకొని నడుస్తుంటే చూస్తలేనా? మా డాక్టర్ చెప్పేది అచ్చం గిదే."

"మీ డాక్టర్."

"అమెరికాల కాళ్ళ డాక్టర్. నేను టైపు చేసేది ఆయన కేసులే గద."

"తెలుసు. పొద్దంత నీ చెవుల ఉండేటాయన."

"షురూ చేసినవా మళ్ళ? కాలు గుంజుకోకు. ఇగో, ఈ మడమ ఎముకకు ఒక పట్టీ అతుక్కొని ఉంటది. అరికాలు పొడుగూత వేళ్ళ మొదళ్ళ దాక పోతది. పాదం నడిమిట్ల ఈ వంపు ఉన్నది చూడు, దీన్ని పడిపోకుండ గుంజి పట్టుకునేది గా పట్టీనే. రాత్రి పండుకుంటే బిగుసుకపోతది. పొద్దున ఒక్కపారిగ బరువు పడంగనే మడమ కాడ చురుక్కుమంటది."

"ఇదంత ఆయన నీకు చెప్పిండు."

"నాకెందుకు చెప్తడు? పేషెంటును చూసినంక టేపుల మాట్లాడి పెడతడు. మేము ఈడ విని టైపు చేస్తం. నేనొకదాన్ని ఉన్ననని సుత ఆయనకు తెల్వదు."

"మొన్న కూర కలుపుకుంట ఆయన లెక్క మాట్లాడినవ్. ఇంగ్లీషుల. ముక్కుతోని."

"యాస పట్టుబడాలంటే గట్ల అనుకోవాలె. అర్థం గాని మాట వస్తే కాలి కింద పెడల్ తొక్కుత. గొంతు ఎనకకు పోయి మళ్ళ చెప్తది."

"నేను ఒక మాట రెండోసారి చెప్తే ఇసుక్కుంటవ్. ఆయన మాట మాత్రం తొక్కి తొక్కి ఇంటవ్."

"నౌకరీ అయ్యా అది. ఊరంత కంప్యూటర్ కంప్యూటర్ అంటుంటే, అమీర్‌పేట తోల్కపోయి ఆ కోర్సుల చేర్పిచ్చింది నువ్వే."

"ఎట్లుంటది గొంతు?"

"ఎవలిది?"

"ఆయనదే."

"దగ్గుతడు. ఏదో నములుకుంట మాట్లాడుతడు, సగం మాటలు మింగుతడు. ముసలాయన కావచ్చు."

"కావచ్చు అంటున్నవ్. చూడలే గద."

"నువ్వు ముందుగాల జవాబు చెప్పు. వేళ్ళ సందుల మంట గిట్ల ఉన్నదా? తిమ్మిర్లు?"

"లేవు."

"బొటనవేలు కీలు ఎర్రగ వాసుడు?"

"లేదు."

"షుగర్ మొన్ననే చూయించినం, లేదన్నరు. అయితే నరం కాదు, వాతం కాదు. పట్టీనే. పిక్క సాగదీసే ఎక్సర్‌సైజు చూపెడత. కని అది ఎందుకు దెబ్బతిన్నదో తెలవాలె."

"పొద్దంత నిలబడుతలేనా? చీరెల దుకాణంల సేల్స్‌మెన్‌కు కుర్చీ ఏస్తరా?"

"మన పెండ్లికి ముందుకెల్లి నిలబడుతున్నవ్. అప్పుడు రాలే గద. ఆయన ప్రతి పేషెంటును అడుగుతడు, నొప్పి రాకముందు కొత్తగ ఏం మొదలుపెట్టిన్రు అని. కొత్త బూట్లా, కొత్త డ్యూటీనా, నడక ఒక్కపారిగ ఎక్కువైందా."

"కొత్తగ ఏం లేదు."

"చెప్పులు మార్చినవా?"

"అవే."

"ఏవి, ఇటు ఇయ్యి. ఏందిది? మడమ కాడ కాగితం లెక్క అయింది. దసరాకే గద కొన్నం. దుకాణంల చెప్పులు విప్పే ఉంటవ్, గిట్లెట్ల అరిగినయి?"

"మాల్ మంచిది కాదు."

"యాడికన్న నడుస్తున్నవా?"

"యాడికి నడుస్త? బస్సు దిగితే మోండా మార్కెట్, ఎనక సందుల దుకాణం."

"ఇటు చూడు. నా మొకం చూసి చెప్పు."

"కల్యాణ్ ఎవలు?"

"ఏంది?"

"కల్యాణ్. ఎర్ర బండి మీద వస్తడు."

"మా టీం లీడర్. వైజాగ్ దిక్కు ఆయన. ఆయన సంగతి ఇప్పుడెందుకు?"

"గేటు బయట నిలబడి ఆయనతోని నవ్వుతవ్. ఇంట్ల గట్ల నవ్వంగ నేను చూడక ఎన్ని దినాలైంది?"

"నేను గేటు బయట నవ్విన్నని నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలో."

"ఎవలు?"

"ఛాయ్ పెట్టు జెర. తర్వాత మాట్లాడుదం."

"ఛాయ్ తర్వాత. ఆయన బండి ఎర్రదని నేనెప్పుడు చెప్పలే. మా ఆఫీసు దిక్కు వచ్చినవా?"

"ఒకసారి."

"ఒకసారి వస్తే చెప్పులు గిట్ల అరగవు."

"రోజూ వస్తున్న."

"రోజూనా? దుకాణం?"

"కాలు నొస్తున్నదని సేఠ్‌కు అబద్ధం చెప్పి జెర ముందుగాల బయటపడుతుంటి. తర్వాత నిజంగనే నొప్పి పట్టింది."

"ఎందుకు?"

"ఆ గొంతు అమెరికాల ఉన్నది, దాన్ని నేనేం చేస్త? ఈడ ఉన్నోళ్ళనన్న చూద్దమని వచ్చిన. ప్యారడైజ్ కాడ మీ ఆఫీసు దాక నడుచుకుంట వస్త. బస్సులు కిక్కిరిసి ఉంటయని నువ్వు స్టేషన్ దాక నడుస్తవ్ గద, నీ ఎనక దూరంగ నడుస్త. నువ్వు ట్రైన్ ఎక్కినంక నేను బస్సుల వస్త."

"ఏం చూసినవ్ మరి?"

"ఏం లేదు. ఆయన బండి ఎక్కమంటడు, వద్దు కల్యాణ్ గారూ అంటవ్ నువ్వు. ఆయన పోతడు. ఒక్కొక్కపారి మక్కకంకి కొనుక్కొని తినుకుంట నడుస్తవ్. గంతే. వద్దన్నవని సంబురమైతది. ఇంటికొచ్చినంక మళ్ళ, రేపు ఎక్కుతదేమో అని…"

"ఒక్కనాడన్న లతా అని పిలవకపోతివి."

"పిలిస్తే నీకు తెలుస్తది గద. అందుకే మొకానికి దస్తీ కట్టుకుంటుంటి. నల్లది. పైకెల్లి మంకీ టోపీ."

"మొన్న నేనెందుకు ఉరికిన్నో ఎర్కేనా నీకు?"

"ట్రైన్ టైమైందనుకున్న. నేను సుత ఉరికిన. గప్పుడే మడమ కలుక్కుమన్నది."

"ట్రైన్ కోసం కాదు."

"మరి?"

"నల్ల దస్తీ కట్టుకున్నోడు ఎవడో నెల సంది నా ఎనక వస్తున్నడు. చీకట్ల మనిషి సరిగ కనవడడు. నేను ఆగితే ఆగుతడు, ఉరికితే ఉరుకుతడు. నీకు చెప్తే నౌకరీ బంద్ చెయ్యమంటవని చెప్పలే. కల్యాణ్‌కు చెప్పిన. అందుకే పాపం, స్టేషన్ కాడ దించుతనని రోజూ అడుగుతుండు. ఎవలన్న చూసి నీకు చెప్తే నువ్వు రంది పెట్టుకుంటవని ఎక్కలే."

"లతా…"

"ఆ తొవ్వల ఇంక నడువ భయమై, నిన్ననే రాజీనామా ఇచ్చొచ్చిన."