మీ అన్నయ్య పోసిన దిమ్మలు

బ్యాటరీల కార్ఖానా వెనక పరీక్షల గది. బయట వాన. బల్ల మీద బూడిద రంగు సిమెంటు దిమ్మలు. వాటిని పరీక్షించే ఆవిడా, ఆవిడ మరిదీ తప్ప గదిలో ఎవరూ లేరు. ఆవిడ భర్త పోయి రెండేళ్ళయింది.

"అది కాదు వదినా, నేను చెప్పేది కాస్త విను."

"వింటున్నానుగా. ముందు గ్లౌజు తొడుక్కో. ఈ దిమ్మ అంచు వేళ్ళతో నలిపి చూడు."

"నాకెందుకు ఇవన్నీ..."

"నలుపు."

"...అరె. రాలిపోతోంది."

"రస్కులా రాలుతోంది కదూ? మీ అన్నయ్య పోసినప్పుడు సుత్తితో కొట్టినా పెచ్చు ఊడలేదు. బ్యాటరీల సీసం బురదంతా సిమెంటులో కలిపి, దిమ్మలు పోసి, బాగా గట్టిపడ్డాక నీళ్ళలో నానబెడితే సీసం జాడ కూడా బయటికి రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా గంతులేశాడు."

"మరింకేం! పరీక్ష నెగ్గిందిగా."

"నెగ్గింది, గదిలో. నీడపట్టున. బయట ఎండుందే, వానుందే... తడవడం, ఎండడం, మళ్ళీ తడవడం. సన్నగా బీటలిస్తుంది. ఆ బీటల్లోంచి గాలీ నీళ్ళూ లోపలికి దూరతాయి. సిమెంటులో సున్నం ఘాటుందే, సీసాన్ని పట్టి ఉంచేది అదే. ఆ ఘాటు చచ్చిందనుకో..."

"సీసం బయటికొస్తుంది."

"వస్తుంది. మెల్లగా, చప్పుడు లేకుండా."

"కానీ ఇవి నువ్వు పరీక్షకని మేడ మీద పెట్టినవి వదినా! ఎండకీ వానకీ నువ్వే అప్పజెప్పావు. అన్నయ్య పోసి పార్కు కింద పూడ్చిన వాటి మీద మట్టుంది, గడ్డుంది..."

"నేనూ అదే అనుకున్నాను. అదే నిజమవ్వాలని గట్టిగా అనుకున్నాను. ఇవి మేడ మీదవి కావు."

"మరి?"

"పార్కు వాలులోంచి తవ్వి తెచ్చినవి. వానలకి అక్కడ మట్టి కొట్టుకుపోయింది. పక్కన కాలవలో నీళ్ళు కూడా చూశాను. పిల్లలు కాగితం పడవలు వదులుతారే, ఆ కాలవ."

"ఉందా అందులో?"

"ఉంది."

"ఎంత?"

"కొంచెమే. ఈ వానాకాలం కొంచెం, పై వానాకాలం ఇంకొంచెం."

"పైవాళ్ళకి చెప్పావా?"

"చెప్పాను. ఇన్నాళ్ళు ఆగింది, ఇంకో ఏడాది ఆగితే ఏం పోయిందన్నారు. కుదరదన్నాను. అప్పట్నించీ భోజనాల వేళ నా బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. క్యారియర్ విప్పుకుని నేనూ ఈ దిమ్మలూ ఎదురెదురుగా కూర్చుంటాం. ఇవి మంచివేలే, కూరలో ఉప్పెక్కువైందని వంక పెట్టవు."

"నవ్వకు వదినా. నువ్వలా నవ్వితే నాకు భయమేస్తుంది."

"ఏడిస్తే మాత్రం చూసేదెవరు?"

"ఆ పార్కు బోర్డు మీద అన్నయ్య పేరుంది. విషం మూటగట్టి, పైన గడ్డి కప్పి చక్కా పోయాడనరూ? బతికుంటే సంజాయిషీ చెప్పుకునేవాడు. పోయినవాడి మీద నువ్వే..."

"నేనే. ఇంకెవరు చెప్పినా మీ అన్నయ్య తప్పు చేశాడనే చెప్తారు. నేనలా చెప్పను. అప్పటికి తెలిసినంతలో బాగానే పోశాడు. ఎండావానా ఏం చేస్తాయో ఇప్పుడు చూశాం."

"జనం అంత వివరంగా వింటారా?"

"వినరు."

"మరి? కొన్నాళ్ళు ఆగు. ఇంకోసారి పరీక్ష చెయ్యి. పైన మట్టి మందంగా వేయించమను..."

"ఒక్కటి అడుగుతా, చెప్పు. మీ పాప ఆ పార్కుకి ఆడుకోడానికి వెళ్తోందా?"

"పాప సంగతి ఇప్పుడెందుకు?"

"వెళ్తోందా?"

"...పోయిన వారం ఫోన్లో దిమ్మలు మెత్తబడ్డాయన్నావు కదా. ఆ రోజు నుంచి మానిపించాను."

"ఏమని చెప్పి?"

"జలుబు చేస్తుందని. రోజూ గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది."

"ఏడవనీ. మిగతా పిల్లల ఇళ్ళల్లో ఫోన్ చేసి చెప్పే వదిన లేదు కదా, చిన్నా."





"సరే వదినా. మునిసిపాలిటీకి రిపోర్టు పంపెయ్. నలుగురూ ఏమంటే అది అననీ. నేనుంటాను నీ పక్కన."

"పొద్దున్నే పంపేశాను."

"పంపేశావా!"

"మధ్యాహ్నానికల్లా పార్కు గేటుకి తాళం పడింది. బోర్డు మీద గోనెపట్టా కప్పారట."

"అంతా అయిపోయాక నన్నెందుకు రమ్మన్నావు? సలహా అడుగుతావేమోనని ఇంత వానలో పరిగెత్తుకొచ్చాను. ఇంతసేపూ నాతో ఈ వాదనంతా దేనికి?"

"నువ్వు మాట్లాడతావని."

"ఏమిటీ?"

"ఏ పని చేసినా ముందు ఆయనకే చెప్పేదాన్ని. పొద్దున పంపగానే చెబుదామని ఫోన్ తీశాను. అలవాటు. తీశాక గుర్తొచ్చింది. నీ గొంతు అచ్చం ఆయనదే చిన్నా. నేను కిటికీ వైపు తిరిగి నుంచుంటాను. 'మంచి పని చేశావోయ్' అని ఒక్కసారి అను."