మా మునుసామి వయసు లెక్క

"అవ్వా, మునుసామి తాత మొదటిసారి ఎలక్షన్‌కి నిలబడి పేరెందుకు వెనక్కి తీసుకున్నాడు?"

ఆ... ఓటరు కార్డు చేతికొచ్చిందని ఇప్పుడివన్నీ అడగతావుండావా? సరే, ఆ చాప ఇట్లా లాక్కో.

మునుసామి నా కడగొట్టు తమ్ముడు, తెలుసు కదా. మా ఊరు వాయినికోరో, అక్కడ మాకు చెరుకు తోట. మన దీవులకి స్వతంత్రం వచ్చిన కొత్తలో పార్లమెంటుకి ఎలక్షనన్నారు. వాడప్పుడే రాజధాని సువాలో చదువుకోని వచ్చినాడు. రైతుల తరపున లేచి మాట్లాడితే ఇంగ్లీషూ, హిందీ గలగలా... "నువ్వే నిలబడు భయ్యా" అన్నారు జనం. ఓటుకైనా, నిలబడేదానికైనా అప్పుడు ఇరవై ఒకటి నిండాల. మీకిప్పుడు పద్దెనిమిదే కదా. వాడి పుట్టిన కాగితంలో ఇరవై రెండు. ఇంకేం కావాల?

అవతలి పార్టీలో ఒక మాస్టర్‌జీ. లెక్కలు చెప్పేవాడు... కాదు కాదు, లెక్కలాయన వేరే, మా చిన్నాయన స్నేహితుడు. ఈయన మునుసామి చదివిన బడికి హెడ్మాస్టరు. పాత రిజిస్టరు తీసి చూసుకున్నాడు. కాగితం ప్రకారం మునుసామి ఎనిమిదేళ్లకి ఒకటో క్లాసులో చేరినాడు. రిజిస్టర్లో ఆరేళ్లని ఉంది. ఆ రోజుల్లో స్కూల్లో చేర్చాలంటే కాగితం ఎవరడిగినారు? కుడిచెయ్యి తలమీదుగా ఎడమ చెవికి అందిందా, ఆరేళ్లు, రాసుకో. అందలేదా, వచ్చే ఏడు రా.

ఒకరోజు ఆయన మా ఇంటికే వచ్చినాడు. చాపేసి, యాంగోనా వేరు పొడి నీళ్లలో కలిపి, తాగమని గిన్నె ఇచ్చినా. అమ్మ పక్కన చిక్కుడుకాయలు వలుస్తా ఉండె.

"బేటీ, మీ తమ్ముడికి నిజంగా ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు మాస్టర్‌జీ. కాగితం చూడలేదా?"

ఆయన వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టినాడు. నేనూ లోపల్లోపల లెక్కపెడితే, చూడు, రెండేళ్లు తేడా వచ్చింది. వీడికి ముందు ఇంకొక మునుసామి ఉండె. పాకకముందే జరమొచ్చి పోయినాడు. వాడు పుట్టిన రెండేళ్లకి వీడు పుట్టినాడు. మా తాత పేరు ఇంట్లో నిలబడాలని అదే పేరు పెట్టినారు. పుట్టినట్టు మళ్లీ రాయించాలంటే లంబాస టౌనుకి, ఆఫీసుకి పోవాల. చెరుకు కొట్టే రోజుల్లో ఒక పూట పని పోతుంది, బస్సుకి షిల్లింగులు వేరే! "మునుసామి పేరు రాయించేసినాం కదా" అనుకున్నాడు నాయన. పెద్ద పరీక్షకి కాగితం అడిగినప్పుడు పెట్టెలో దొరికిందే తెచ్చిచ్చినాడు. ఆయనకి చదువు రాదు కదా, పాపం.

తెలిసినాక కూడా నేను, "ఇరవై రెండే మాస్టర్‌జీ" అన్నా మళ్లీ. ఏం చేసేది, వాడి బతుకు కదా.

అమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. "అబద్ధం ఎందుకే? ఆ కాగితం నా పెద్దోడిది. వీడికి ఇరవై. ఆ బిడ్డ సంగతి ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, మీరడిగినారు మాస్టర్‌జీ" అనింది.

తలెత్తితే గడపలో మునుసామి. అంతా విన్నాడు. వాడికీ తెలీదు మరి, ఎవరు చెప్పినారని! సీటు పోయిందని ఏడుస్తాడేమో అనుకున్నా. వచ్చి అమ్మ ముందర కూర్చోని, "అన్న ఎట్లుండేవాడమ్మా?" అన్నాడు.

"నీకంటే నలుపు. తలంతా ఉంగరాల జుట్టు" అనింది అమ్మ. అంతే చెప్పింది, చెప్పి మళ్లీ కాయలు వలిచింది.

మరునాడు లంబాసకి పోయి పేరు వెనక్కి తీసుకున్నాడు. పెద్దోడు పోయినట్టూ, తను పుట్టినట్టూ ఒక్కరోజే రాయించినాడు. సాక్షి సంతకం ఎవరనుకున్నావు? ఆ మాస్టర్‌జీనే, రిజిస్టరు చంకలో పెట్టుకోని!

తరవాతి ఎలక్షన్లో మా వాడు గెలిచినాడు. మాస్టర్‌జీ అప్పుడూ అవతలి పార్టీనే. అయినా వచ్చి ఒక గిన్నె తాగి, "ఇప్పుడు లెక్క సరిపోయింది. ఓటు మాత్రం నీకెయ్యలేదు" అనేసి పోయినాడు.

నీ కార్డు ఇట్లా చూపించు... ఫోటో బాగుంది. నీ పేరు, నీ ఏళ్లు, అన్నీ నీవే. చల్లగా ఉండు తల్లీ. పోయి ఓటెయ్యి. ఆ చాప... ఆ, చుట్టి పెట్టి పో.