పెద్దల్లుడి వెల్డింగ్ బండి

పెద్దల్లుడికి ఆ సాయంత్రం టీ సయించలేదు. చక్కెర తక్కువై కాదు. టీకొట్టు బల్ల మీద, బిస్కట్ల సీసా పక్కన, చిన్నల్లుడు గెలుచుకొచ్చిన కప్పు నిలబెట్టి ఉంది. టీకొట్టామె పనిమధ్యలో దాన్ని తుడిచి తుడిచి పెడుతోంది. గ్లాసుల్ని ఏనాడూ అంత శ్రద్ధగా తుడవలేదు.

వాళ్లిద్దరూ తోడల్లుళ్లు. పెద్దతను కార్లకి సీటు కవర్లు కుడతాడు. చిన్నతనికి ఆ టీకొట్టు వరసలోనే మెకానిక్ షెడ్డు ఉంది. మామగారు బస్సు నడిపి నడిపి రిటైరైన మనిషి, పొద్దువాలేసరికి ఆ కొట్టు ముందు బెంచీ మీదకి చేరతారు. పెద్దల్లుడు కుట్టిన సీటుని ఏనాడూ చేత్తో తడిమి చూసిన పాపాన పోలేదాయన. అలాంటిది ఇవాళ వచ్చేపోయేవాళ్లని పిలిచి మరీ కప్పు చూపిస్తున్నారు. "మా చిన్నల్లుడు" అంటున్నారు, అంతే. ఆ "మా" దగ్గర ఒత్తి పలుకుతున్నారు. అది పెద్దల్లుడికి ముల్లులా దిగుతోంది.

అది డ్రిఫ్టింగ్ పోటీ. మలుపులో బండిని అడ్డంగా జార్చుకుంటూ నడపాలి. చిన్నల్లుడు తన పాత కారుకి డిఫరెన్షియల్ వెల్డింగ్ చేసుకున్నాడు. అదేమిటని టీకొట్టామె అడిగితే నెమ్మదిగా చెప్పాడు. వెనక చక్రాలు రెండూ దేని వేగం దానిదిగా తిరగడానికి మధ్యలో గేర్లుంటాయని, వాటిని అతికించేస్తే రెండూ కలిసే తిరుగుతాయని, అప్పుడు బండి జారమన్నట్టు జారుతుందని. పోటీ అయిపోయినా ఇంకా విప్పలేదు, ఇంటికీ షెడ్డుకీ దాంట్లోనే తిరుగుతున్నాడు. కొట్టు ముందు ఆగి ఉన్నది ఆ కారే. అందులో సీటు కుట్టింది పెద్దల్లుడే. ఆ సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాడు. ఎవరూ ఎత్తలేదు.

"వెల్డింగ్ బండి నాకు కొత్తా?" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "పెళ్లికాక ముందు నాకూ ఉండేది. ఏళ్ల తరబడి రోజూ దాంట్లోనే తిరిగాను."

చిన్నల్లుడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్లూ చెప్పలేదేం అన్నయ్యా అన్నాడు. చెప్పుకునే అలవాటు తనకి లేదన్నాడు పెద్దల్లుడు. పక్కనే టీ తాగుతున్న బ్యాటరీల కొట్టతను దగ్గాడు.

దాంట్లో గుడ్డల తానులు తెచ్చుకునేవాణ్నని, సంతలో మలుపు దగ్గర కాస్త జార్చేవాణ్నని మామూలుగానే మొదలుపెట్టాడు. మామగారు వింటూనే కప్పు మీద పడిన దుమ్ము ఊదుకున్నారు. అది చూసి పెద్దల్లుడి గొంతు ఓ మెట్టు ఎక్కింది.

"కాస్త అంటే కాస్త కాదు మామగారూ, బట్టల బజారు సందుంది చూడండీ, రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి భుజాన వేసుకోవాలి, అలాంటి సందులో ఈ చివరినించి ఆ చివరిదాకా బండి అడ్డంగానే వచ్చింది, ముందు బంపరు ఒక గోడకి, వెనక బంపరు ఇంకో గోడకి వెంట్రుకవాసి దూరం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడమీద ఒకావిడ తడిబట్టలు ఆరేస్తోంది. నేను కింద దాటేసరికి ఆ గాలికి బట్టలు ఆరిపోవడమే కాదు, మడతలు పడి బుట్టలో కూర్చున్నాయి."

"ఇస్త్రీ కాలేదా?" అంది టీకొట్టామె.

"చొక్కాలు అయ్యాయి. దుప్పట్లకి వేడి చాల్లేదు."

బ్యాటరీలతను పొలమారి టీ కక్కుకున్నాడు. జనం పోగవుతున్నారు. మామగారు మాత్రం చిన్నల్లుడి వైపు తిరిగి, నువ్వు ఏ గేరులో జార్చావురా అని మెల్లగా అడిగారు. 'రా' అన్నారు. పెద్దల్లుణ్ని ఆయన ఏనాడూ 'రా' అని పిలిచింది లేదు. ఎప్పుడూ 'అల్లుడూ' అనే మర్యాదే, ఎప్పుడూ దూరమే.

ఇక పెద్దల్లుడికి కళ్లెం లేకపోయింది. పెద్ద కూడలిలో గుండ్రంగా జార్చడం మొదలుపెట్టానన్నాడు. నన్ను ఆపుదామని నాతోపాటు తిరిగిన ట్రాఫిక్ పోలీసు కళ్లు తిరిగి నా బానెట్ మీదే కూర్చున్నాడన్నాడు. టైర్ల పొగకి పొగమంచు హెచ్చరిక చేశారని, విమానాలు వెనక్కి మళ్లాయని అన్నాడు.

"ఇంకా ఉంది. తిరుగుతున్నానా, తిరుగుతున్నానా, వేగం ఎంత పెరిగిందంటే నా ముందు ఒక కారు కనిపించింది. ఎవడ్రా వీడు నాకంటే జోరుగా పోతున్నాడని హారన్ కొట్టాను. తప్పుకోడే. దగ్గరికి పోయి చూస్తే లోపలున్నవాడి కాలరు వెనక చిరిగి ఉంది, నీలం దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు నాదే. ఆ చొక్కా నాదే. వెనకనించి హారన్ వినిపించి అద్దంలో చూశాను కదా, అక్కడా నేనే."

"మరెవరు గెలిచారు?" అన్నాడు బ్యాటరీలతను.

"నేనే దారిచ్చాను. మనవాడే కదా అని."

జనం పడీపడీ నవ్వారు. మామగారు కప్పుని బల్ల మీద పెట్టేశారు. మొట్టమొదటిసారి ఆయన కళ్లు పూర్తిగా పెద్దల్లుడి మీదకి వచ్చాయి. ఇంటికి పోదాం, నువ్వే నడుపు అల్లుడూ, అన్నారు. చిన్నల్లుడు సంతోషంగా తాళం చేతికిచ్చాడు. అంత అనుభవమున్న చేతికి తన బండి ఇస్తున్నానన్న మర్యాద అతని ముఖంలో ఉంది. ఆ మర్యాదని చూసి పెద్దల్లుడికి ఛాతీ ఉబ్బింది. మామగారు ముందు సీట్లో, తన పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్లకి.

ఇంటికి పోవాలంటే బండిని వీధిలో వెనక్కి తిప్పాలి. పెద్దల్లుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలించాడు. బండి కింద కీచుమంది. తర్వాత దడదడలాడింది. వెనక టైరు ఎగిరెగిరి పడుతూ, ఎవరో పీక నులుముతున్నట్టు అరిచింది. పెద్దల్లుడు కంగారుగా బ్రేకు తొక్కి, దిగి, వంగి కిందకి చూశాడు.

"తమ్ముడూ, ఇరుసు విరిగింది. నీ వెల్డింగ్ ఊడిపోయింది. ఇలాంటి బండా మామగారిని ఎక్కించేది?"

చిన్నల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏం విరగలేదన్నయ్యా. రెండు చక్రాలూ ఒకేలా తిరుగుతాయి కదా, మెల్లగా మలుపు తిప్పితే లోపలివైపు టైరు రోడ్డు మీద ఈడ్చుకుంటుంది. వెల్డింగ్ చేసిన బండి ఏదైనా ఇలాగే అరుస్తుంది, రోజూ."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. నా వెల్డింగ్ సరిగ్గా కుదరలేదేమోలే, మీ బండి అంత గోల చేసి ఉండదు, అని సర్దబోయాడు. అలా సర్దడమే పెద్దల్లుడికి చెంపదెబ్బలా తగిలింది.

మామగారు కిటికీలోంచి తల బయట పెట్టారు.

"ఏళ్ల తరబడి రోజూ నడిపానన్నావు కదా అల్లుడూ. ఆ బండికి నోరే లేదా, లేక ఉన్న నోరంతా నువ్వే తీసేసుకున్నావా?"

ముందు టీకొట్టామె నవ్వింది, ఆపైన వీధంతా నవ్వింది. చిన్నల్లుడొక్కడు నవ్వలేదు. మీరు దిగండన్నయ్యా, నేను తిప్పుతాను, అని చెయ్యి చాపాడు. పెద్దల్లుడు ఆ చేతికేసి చూశాడు. వీడు ఈ ఒక్కసారైనా నవ్వి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు.

"ఉండనీరా, అతన్నే తిప్పనీ" అన్నారు మామగారు.

పెద్దల్లుడు ఎక్కి తలుపు వేసుకున్నాడు. స్టీరింగ్ మళ్లీ పూర్తిగా తిప్పాడు. బండి వీధి మలుపు దాటేదాకా అరుస్తూనే పోయింది. అతను మాత్రం ఇంటిదాకా నోరు విప్పలేదు.