రాణిచీమ కాన్పు

పామిడిలో ఒక ఇల్లు. తొలివానకు దొరికిన రాణిచీమ నెలన్నరగా బీరువాలో, గాజుగొట్టంలో ఉంది. తల్లీ కూతుళ్లు వంగి చూస్తున్నారు.

"అమ్మా, పుట్టినాయి! ఐదు!"

"కడుపుతో ఉన్నదాన్ని నెలన్నర పస్తు పెట్టినావు కదే!"

"రెక్కల కండ కరిగించుకొని పిల్లల్ని సాకిందమ్మా. వద్దంటే వినక నువ్వు బెల్లం వేస్తివి. బూజు పట్టి గొట్టమే మార్చాల్సొచ్చె."

"మనసు ఒప్పద్దా? బాలింతకు ఇప్పుడన్నా పెట్టనిస్తావా?"

"పెట్టుమా, ఆవగింజంత. పిల్లలే తిని తల్లికి తినిపిస్తాయి."

"వాటిలో మగపిల్లోడు ఎవడు?"

"ఒక్కడూ లేడు. ఐదూ ఆడపిల్లలే."

"ఐదుగురూనా! నిన్నొక్కదాన్ని పెట్టుకొనే నేను ఇన్ని కరువులు దాటినా. ఆయమ్మకి ఇంక కరువు యాడిది!"